నడిగడిలో ముప్ఫయ్యో పొద్దు

గున్నమ్మప్పకు తవిటమ్మ రాస్తున్నాను. నా దస్తూరీ కోడి గీకినట్టు ఉంటుంది, ఏమీ అనుకోకండి. ఐదో తరగతి సగంలో ఉండగా మా బడి సముద్రంలో కలిసిపోయింది. ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ సరిగా తెలియదు. తప్పులుంటే మీరే దిద్దుకుని చదువుకోండి.

మీ చెల్లెలు అసిరమ్మ సంగతి తెలిసినంతవరకు రాయమని కోర్టు కాగితాలు అందజేసే అమీనమ్మ చేత కబురు పంపారు. అమీనమ్మ తన కాగితంలో రాయాల్సింది రాసి మీకు పంపే ఉంటారు. అందులో లేనిది నా దగ్గర ఒకటి ఉంది. అది మీకు తప్ప ఎవరికీ చెప్పలేను. అందుకని నా చిట్టా పుస్తకం ముందు పెట్టుకుని రోజువారీగా ఎత్తి రాస్తున్నాను. చక్రాల మీద బండిల్లు ఉన్నవాళ్ళం ఎవరి తావులో ఇల్లు నిలుపుకున్నా ఏ రోజు జరిగింది ఆ రోజు రాసి పెట్టుకోవాలి. రేపు ఆ తావు కామందు ఒక మాట అంటే చూపించుకోవడానికి మనకు అదొక్కటే ఆధారం. మా ఆయన దాలినాయుడికి చదువు రాదు, అందుకని ఆ పని నాకు పడింది. మీరు మొదటినుంచీ సర్కారు షెడ్లలోనే ఉన్నారని విన్నాను. తావుల పద్ధతులు మీకు తెలియకపోవచ్చని కొన్నిచోట్ల విడమరిచి రాశాను.

1వ రోజు

పొద్దున్నే కొత్త తావుకు చేరాం. ఆఖరి రెండు మైళ్ళూ ఇరుసు దగ్గర టక్కు టక్కుమని చప్పుడు. దాలినాయుడు కిందకు దూరి చూశాడు. వెంట్రుకంత చీలిక పడిందట.

"ఇంకోపాలి రోడ్డెక్కితే ఇరిగిపోద్దే. ఎలాగోలాగ ఈడే నిలబడాల," అన్నాడు.

రోడ్డు మీద ఇల్లు ఆగిందంటే దారిదళం వాళ్ళు గంటలో వచ్చి ముక్కలకింద పట్టుకుపోతారు. మనుషులను షెడ్లకు తోలేస్తారు. మగవాళ్ళవి ఒక ఊళ్ళో, ఆడవాళ్ళవి ఇంకో ఊళ్ళో. మాకు పెళ్ళయి పదకొండు నెలలు.

కామందు పేరు కూర్మినాయుడు. యాభై దాటి ఉంటాయి. మెత్తగా, నిదానంగా మాట్లాడతాడు. చూపు మాత్రం చెప్పులమీదే ఉంటుంది. తావును ముగ్గుపిండితో తొమ్మిది గడులు గీయించాడు. మూడు వరసలు, వరసకు మూడు. ఒక్కో గడిలో ఒక ఇల్లు పడుతుంది.

"ఇరవైతొమ్మిదో రోజున గడి మారిపోవాల. ముప్పై కానీకండి. నాకూ సిక్కే, మీకూ సిక్కే," అన్నాడు.

ఇది అన్ని తావుల్లోనూ ఉన్నదే. ఒకే గడిలో ముప్ఫై రోజులు నిలిచిన మనిషికి నిలవహక్కు వస్తుంది. చక్రాలు ఊడదీసి పక్కన పెట్టేసుకోవచ్చు. అప్పుడిక కామందు పొమ్మనాలంటే అమీను రావాలి, కాగితం చేతికివ్వాలి, ఆరు నెలలు గడువివ్వాలి. అందుకే ఏ కామందూ ముప్ఫయ్యో పొద్దు గూకనివ్వడు. ఇరవైతొమ్మిదో రోజున పక్క గడిలోకి తోయించేస్తాడు. లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుంది.

రోజులు లెక్కపెట్టేది సాక్షిమన్ను. సర్కారు వాళ్ళు ప్రతి తావులోనూ జానెడు లోతున పరిచి పోయారు. మనిషి బరువు, నడక దానికి గుర్తుంటాయి. పొద్దు పొడిచేటప్పుడు ఒకసారి, పొద్దు గూకేటప్పుడు ఒకసారి నడిస్తేనే ఆ మనిషికి ఒక నిండు రోజు. ఒకపూట తప్పితే సగమే, లెక్కలోకి రాదు. గేటు దగ్గర పలక మీద అదంతా కనిపిస్తుంది.

కూర్మినాయుడు మాకు గడుల చీటీ ఇచ్చాడు. ఒకటి, రెండు, మూడు, ఆరు, తొమ్మిది, ఎనిమిది, ఏడు, నాలుగు. మళ్ళీ ఒకటి.

"ఐదో గడి నేదేటి బాబూ? నడిమిది?" మా ఆయన అడిగాడు.

"అక్కడ నీరు నిలుస్తాది," అని గేటు వేసుకుని వెళ్ళిపోయాడు.

3వ రోజు

వాకిట్లో ముగ్గు పెడదామని తొమ్మిది చుక్కలు పెట్టాను. చీటీలో ఉన్న వరసలోనే గీత లాగాను. గీత చుట్టూ తిరిగి వచ్చింది గానీ నడిమి చుక్క ఒంటరిగా లోపల మిగిలిపోయింది. గీత తగలని చుక్కను లోపల ఉంచకూడదని మా అమ్మమ్మ ముగ్గు నేర్పేటప్పుడు చేతిమీద కొట్టి చెప్పేది. వెంటనే చెరిపేశాను.

తరవాత గిన్నెలు కడిగిన నీళ్ళు నడిమి గడి వైపు విసిరాను. మన్ను బీటలు వారి ఉంది. పడ్డ నీరు పడ్డట్టే ఇంకిపోయింది. అక్కడ నీరు నిలుస్తుందని కామందు ఎందుకన్నాడో తెలియలేదు.

5వ రోజు

పలక చూసుకుని రమ్మని మా ఆయన పంపాడు. నేను చదివింది ఇది.

మనుషులు: 3.
ఒకటి. 68 కిలోలు. నిలిచిన రోజులు 4. నేడు: సగం.
రెండు. 37 కిలోలు. నిలిచిన రోజులు 4. నేడు: సగం.
మూడు. 41 కిలోలు. ఎడమకాలు ఈడ్పు. గడి 5. నిలిచిన రోజులు 29. నేడు: సగం.

వచ్చి చెబితే నవ్వాడు. "మాట ఒక్కటీ పెగలదు గానీ నడక ఇద్దరి నడక నడుస్తన్నావేటే? నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయని కాళ్ళతో మాటాడతన్నావా?"

పాత తావు లెక్క చెరపడం మరిచిపోయి ఉంటారన్నాడు. నాకూ అదే నిజమనిపించింది.

8వ రోజు

కంచె అవతల తావులో పోలమ్మ అని ఒక ముసలామె ఉంటుంది. ఆ తావు కూడా కూర్మినాయుడిదే. ఆమె బండిల్లు నాలుగేళ్ళుగా గడి నుంచి గడికి తిరుగుతూనే ఉందట. "గానుగెద్దులాగ తిరగడమే గుంటా. సచ్చినాక కూడా ఇరవైతొమ్మిది రోజులకోపాలి గొయ్యి మార్పిస్తాడు కామందు," అని పడీ పడీ నవ్వింది. నేను నవ్వితే, "అమ్మ బాబోయ్, ఈ గుంటకి పళ్ళున్నాయే," అంది.

12వ రోజు

పొద్దు పొడవగానే కుళాయికి వెళ్ళాను. కుళాయి గేటు పక్కనే. నాకంటే ముందు ఎవరో నీళ్ళు పట్టుకున్నట్టు కింద తడి ఉంది. అక్కడినుంచి తడి అడుగులు. కుడికాలు వేళ్ళతో సహా నిండుగా పడింది. ఎడమకాలిది అడుగు లేదు. చీపురుపుల్లతో గీసినట్టు ఒక గీత. కుడి అడుగు, గీత, కుడి అడుగు, గీత. అవి మా ఇంటి వైపు రాలేదు. నడిమి గడి లోపలికి పోయి, మధ్యలో ఆగిపోయాయి. తిరిగివచ్చిన అడుగులు లేవు.

బిందె పెట్టుకుని నిలబడి చూస్తుండగానే ఎండకు తడి ఆరిపోయింది.

పలక దగ్గరికి వెళ్ళి చూశాను. మూడో మనిషి. నేడు: సగం.

13వ రోజు

మళ్ళీ అంతే. తెల్లవారి తడి అడుగులు ఉన్నాయి. సాయంత్రం కూర్చుని కనిపెట్టాను, రాలేదు. నిలిచిన రోజులు 29. నేడు: సగం.

14వ రోజు

అంతే.

16వ రోజు

కూర్మినాయుడు కోపంగా వచ్చాడు. తావుల ఆఫీసు నుంచి ఆయనకు కాగితం వచ్చింది, ఇద్దరని చెప్పిన చోట ముగ్గురు ఉంటున్నారని.

"ఎవల్ని దాసినార్రా? సెప్పు. మీ అమ్మనా, అత్తనా?" అంటూ చెప్పులతోనే ఇంట్లోకి వచ్చాడు. మంచం కింద చూశాడు. నా పెట్టె తెరిపించాడు. పెట్టెలో నా పెళ్ళిచీర చూసి మూత పెట్టేశాడు.

"ఎవలూ నేరు బాబూ. నీ పలకే తప్పు సూపిస్తంది. కావాలంటే ఇది సదువుద్ది, ఇనుకో," అని దాలినాయుడు నన్ను గేటు దగ్గరికి తీసుకెళ్ళాడు.

నా గొంతు నాకే వినిపించలేదు. గట్టిగా చదవమన్నాడు. చదివాను. నలభై ఒక్క కిలోలు. ఎడమకాలు ఈడ్పు. గడి ఐదు. నిలిచిన రోజులు ఇరవైతొమ్మిది. నేడు సగం.

కూర్మినాయుడు గేటు కమ్మీ పట్టుకున్నాడు. "సాయంత్రాలు కూడా నడుస్తందేటి?" అని అడిగాడు. ఎవరని అడగలేదు. ఏమిటిది అని అడగలేదు. సాయంత్రాలు కూడానా అని అడిగాడు.

నేను లేదన్నట్టు తల ఊపాను.

ఆయనకు కొంచెం ఊపిరి వచ్చింది. "మూడో మనిషిని పెట్టుకుని మాట తప్పినారు. గడి మారక్కర్నేదు. ఇరవైతొమ్మిదో రోజు పొద్దున్నకల్లా తావే ఖాళీ సేసెయ్యండి," అన్నాడు.

"ఇరుసు ఇరిగిపోయేలాగున్నాది బాబూ. రోడ్డెక్కితే మా ఇల్లు పోద్ది. నన్నూ దీన్నీ సెరోసోట పడేస్తారు." మా ఆయన వంగి ఆయన కాళ్ళు పట్టుకోబోయాడు. కూర్మినాయుడు వెనక్కి జరిగాడు. జరిగినప్పుడు నడిమి గడి ముగ్గుగీత దగ్గరికి వచ్చి, నిప్పు తొక్కబోయినవాడిలా పక్కకు గెంతాడు.

నిలవహక్కు లేనివాళ్ళ మొర వినేవాళ్ళు లేరు. ముప్ఫై రోజులు ఎక్కడా నిలవనిచ్చేవాళ్ళు కూడా లేరు.

19వ రోజు

మా ఆయన మూడు రోజులుగా తావుల కోసం తిరుగుతున్నాడు. దొరకలేదు. దొరికినా ఇల్లు అక్కడికి ఎలా చేరుతుందో తెలియదు.

పోలమ్మను కంచె దగ్గరికి పిలిచాను. నేనే పిలవడం అదే మొదలు. మా ముందు ఇక్కడ ఎవరున్నారని అడిగాను.

పోలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "అసిరమ్మని ఒక గుంట. నీకంటే నాలుగేళ్ళు పెద్ద. మొగుడు సముద్రంలో పోనాడు. ఒక్కర్తే ఉండేది. ఎడమకాలు ఈడ్సేది. నోరు మాత్రం కాలికి రెండింతలు నడిసేది. నన్ను అత్తా అత్తా అని ఎంత ఆటపట్టించేదో."

ఆమె ఇల్లు ఏ గడిలో ఉండేదని అడిగాను.

"నడిమిదాంట్లో. ఇరవైతొమ్మిదో రోజున కామందు మార్సమంటే రేపు రేపని ఒంక పెట్టినాది. ముప్పయ్యో రోజు తెల్లారి కుళాయికాడ కనిపించి, 'అత్తా, ఈ పొద్దు గూకితే నాకు అక్కు ఒచ్చేస్తాది, సక్రాలు ఊడదీసేస్తాను, సాయం రా, పనిలో పనిగా మా గున్నమ్మప్పకి ఉత్తరం ముక్క కూడా రాసుకోవాల,' అన్నాది. పొద్దుగూకి ఎల్లినాను. ఇల్లు పక్క గడిలో ఉన్నాది. మనిషి నేదు. ఎటో ఎల్లిపోనాదని కామందు సెప్పినాడు. మూడు రోజులకి దారిదళం ఒచ్చి ఇల్లు ఒట్టుకెల్లిపోనారు."

"ఇల్లు ఒదిలేసి, ఆ కాలితో?" అన్నాను.

"నానేటి సేసేది గుంటా?" పోలమ్మ గట్టిగా అంది. వెంటనే గొంతు తగ్గించింది. "నాదీ ఆయన తావే గదా."

అప్పా, మీ పేరు నేను మొదటిసారి విన్నది అప్పుడే.

20వ రోజు

అసిరమ్మ ముప్ఫయ్యో రోజు తెల్లవారి నడిచింది. పొద్దుగూకి నడవలేదు. ఆ రోజే ఇంకా నడుస్తోంది. ప్రతి పొద్దున్నా అదే రోజును మళ్ళీ మొదలుపెడుతోంది.

అన్నం మాడిపోయింది. దాలినాయుడు అదే తిన్నాడు.

23వ రోజు

ఒంటరిగా ఉన్నప్పుడు ఇంట్లో ఎడమకాలు ఈడుస్తూ నడిచి చూశాను. సిగ్గేసింది, తలుపు గడియ వేసుకుని మళ్ళీ నడిచాను. నేను ముప్ఫై ఏడు కిలోలు. ఆమె నలభై ఒకటి. చిన్న బిందె, నీళ్ళు కలిపి నాలుగు కిలోలైతే సరిపోతుంది. బిందెలో నీరు ఎంతవరకు రావాలో బొగ్గుతో గీత పెట్టాను.

ఆమెకు నిలవహక్కు వచ్చిందంటే పలకే అమీనుకు కబురు పంపుతుంది. అమీను రాకుండా ఇక తావులో ఎవరినీ ఏమీ చెయ్యడానికి లేదు. మమ్మల్ని కూడా. నేను ముందు ఆలోచించింది మా ఇంటి గురించే. మీ చెల్లెలి గురించి తరవాత ఆలోచించాను. మీకు అబద్ధం రాయదలుచుకోలేదు.

మా ఆయనకు చెప్పలేదు. ఆయన సాక్షిమన్ను మీద చెయ్యిపెట్టి ఒట్టు వేసే మనిషి. మన్నును మోసం చేస్తానంటే ఒప్పుకోడు.

26వ రోజు

సాయంత్రం బిందె పట్టుకుని కుళాయి దాకా వెళ్ళి, భయం వేసి తిరిగి వచ్చేశాను.

27వ రోజు

ఈ రోజూ అంతే. పోలమ్మ కంచె మీంచి, "ఏటే, ఉత్తి బిందె ఊరేగిస్తన్నావు?" అంది.

28వ రోజు

ఇది చిట్టాలో రాయలేదు. ఆ పేజీలో "ఇల్లు ఊడ్చాను, పప్పు వండాను" అని మాత్రమే ఉంది. మీకోసం ఇప్పుడు రాస్తున్నాను.

దాలినాయుడు ఇరుసుకు కట్టడానికి ఇనప పట్టీ అడగడానికి ఊళ్ళోకి వెళ్ళాడు. పొద్దు వాలింది. కుళాయి కింద బిందె పెట్టి బొగ్గుగీత దాకా పట్టాను. తెల్లవారి అడుగులు పడే చోట నిలబడ్డాను. కుడికాలు వేశాను. ఎడమకాలు ఈడ్చాను.

మొదటి నాలుగు అడుగులూ నేనే ఈడ్చాను. ఆ తరవాత ఈడ్చవలసిన పని లేకపోయింది. కాలు లేవలేదు. తిమ్మిరి లేదు, నొప్పి లేదు. ఆ కాలు ఎప్పుడూ అంతే అన్నట్టు నా వెనకాల వచ్చింది. పగలంతా ఎండ కాసింది, తావంతా కాళ్ళకు వేడిగా తగులుతోంది. ముగ్గుగీత దాటగానే మన్ను బావిలో నీళ్ళలా చల్లగా తగిలింది. గడి మధ్యకు వచ్చి నిలబడ్డాను. ఎదురుగా మా ఇల్లు కనిపించాలి. ఎరుపు రంగు తలుపుతో ఇంకో బండిల్లు కనిపించింది, చక్రం దగ్గర సుత్తి పెట్టి ఉంది. రెప్ప వేసేసరికి మా ఇల్లే ఉంది. పొద్దు గూకిపోయింది.

గీత దాటి బయటికి రాగానే కాలు మామూలయింది. గేటు దగ్గరికి పరిగెత్తాను.

మూడు. 41 కిలోలు. ఎడమకాలు ఈడ్పు. గడి 5. నిలిచిన రోజులు 30. నేడు: నిండు.

మనసు తేలికపడి బిందె దించబోయాను. చంకలో బిందె లేదు. కుళాయి కింద, నేను పెట్టినచోటే ఉంది. నీళ్ళు బొగ్గుగీత దగ్గరే ఉన్నాయి. కంగారులో ఎత్తుకోవడం మరిచిపోయి ఒట్టి చేతులతో నడిచాను.

నేను ముప్ఫై ఏడు కిలోలు, అప్పా. మిగతా నాలుగు కిలోలు నావి కావు.

29వ రోజు

పొద్దున్నే కూర్మినాయుడు ఇల్లు లాగించడానికి ట్రాక్టరు తెచ్చాడు. గేటు దగ్గర అమీనమ్మ అప్పటికే నిలబడి ఉన్నారు. పేరు కృపామణి. పొట్టిగా ఉంటారు. చేతిలో నల్ల గొడుగు, చంకలో చిన్న పలక.

"ఈ తావులో మీరు అసిరమ్మ అని రాయించిన మనిషికి నిన్న పొద్దుగూకి నిలవహక్కు వచ్చింది. ఆమె ఉండగా ఎవరినీ కదిపేది లేదు. ఆమె ఎక్కడ?" అని అడిగారు.

"ఎల్లిపోనాది మేడం. ఎప్పుడో."

"ఉందని మన్ను చెబుతోంది."

"మన్నుకి పిచ్చెక్కినాది."

"మన్ను లెక్కమీదే కదండీ ఇన్నాళ్ళూ అందరినీ ఇరవైతొమ్మిదికి కదిలించారు. అప్పుడు పిచ్చి లేదా?" అన్నారు అమీనమ్మ. తరవాత మా వైపు తిరిగారు. "నిన్న సాయంత్రం ఇక్కడ ఎవరైనా నడవగా చూశారా?"

మా ఆయన ఊళ్ళో ఉన్నానన్నాడు. అమీనమ్మ నన్ను చూశారు. కూర్మినాయుడు చూశాడు. ట్రాక్టరు మీద మనిషి కూడా చూశాడు. ఇంతమంది ముందు నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

"నడిచింది," అన్నాను. "ఆడమనిషి. ఎడమకాలు ఈడుస్తూ. ఒట్టి చేతులతో."

"ఎటు?"

నడిమి గడి చూపించాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. దాలినాయుడు నా మొహంలోకి వింతగా చూశాడు.

అమీనమ్మ సంచిలోంచి కాగితం తీశారు. "ఆమెను పంపాలంటే కాగితం చేతికివ్వాలి. మనిషి ఎదురు రాకపోతే కామందు చెప్పులు విప్పి ఆమె గడిలో నిలబడి మూడుసార్లు చదవాలి. అదే పద్ధతి. కానివ్వండి."

"ఇక్కడి నుంచి సదివేస్తాను మేడం."

"గడిలోంచి."

కూర్మినాయుడు చెప్పులు విప్పాడు. గీత దగ్గర నిలబడ్డాడు. ఎండ ఇంకా ఎక్కలేదు గానీ చొక్కా వీపుకు అంటుకుపోయింది. అమీనమ్మ గొడుగు నేలకు ఆనించి నిలబడ్డారు. చివరికి ఒక కాలు పెట్టాడు. రెండో కాలు పెట్టాడు. చదవడం మొదలుపెట్టాడు. "అసిరమ్మ గారికి తెలియజేయునది..."

అమీనమ్మ చంకలోని పలక చూసుకున్నారు. పైకే చదివారు.

"మూడో మనిషి. కుళాయి దగ్గర బయలుదేరింది."

మేమంతా కుళాయి వైపు చూశాం. అక్కడ ఎవరూ లేరు. నీటిచుక్క ఒకటి జారి పడింది.

"గడికి పన్నెండు అడుగులు. ఎనిమిది." అమీనమ్మ చదువుతూనే ఉన్నారు. "గడిలోకి వచ్చింది. ఆయనకు మూడు అడుగులు. ఒకటి. ఆగింది."

కూర్మినాయుడు చూపు చెప్పుల మీద లేదు. తన ఎదురుగా, కొంచెం కిందికి, పొట్టి మనిషి మొహం ఉండే ఎత్తులోకి చూస్తున్నాడు. కాగితం చేతిలోంచి జారింది. అది నేలమీద పడలేదు. గాలిలో ఒక్క క్షణం ఆగి, అప్పుడు పడింది. గాలి వీచిందేమో, నాకు తెలియదు.

"నాను తోయనేదే," అన్నాడు మెల్లగా. మాతో కాదు. "సక్రానికి అడ్డం కూకున్నావు. లెగమన్నాను. మూడుపాల్లు లెగమన్నాను. లెగిసిపోతావనుకునే లాగించినాను. పొద్దు గూకిపోతంది గదే. ఇంక గంట ఉంటే గూకిపోద్ది గదే."

ట్రాక్టరు మీద మనిషి కిందకు దిగి, మొహం రెండు చేతులతో కప్పుకున్నాడు. ఆ రోజు లాగింది కూడా అతనే.

గడి తవ్వారు. నడుములోతులో మీ చెల్లెలు దొరికింది. పైన ఉండాల్సిన సాక్షిమన్ను ఆమె వీపు కింద ఉంది, అడుగు మన్ను పైకి వచ్చింది. కూర్మినాయుడు కంగారులో తిరగేసి పూడ్చాడు. సాక్షిమన్నును గోతి అడుగున దాచేశాననుకుని, ఆమెను తెచ్చి దాని మీదే పడుకోబెట్టాడు. అమీనమ్మ గొడుగు తెరిచి గొయ్యి మీద నీడ పట్టారు. పోలమ్మ కంచె దాటి వచ్చి నేలమీద కూలబడింది. "సాయం రమ్మన్నావు గదే, ఆలీసంగా ఒచ్చినాను గదే," అని తలకొట్టుకుని ఏడ్చింది.

మీ చెల్లెలి కుడిచేతి గుప్పిట మూసి ఉంది. అందులో కడచీల ఉంది, చక్రం జారిపోకుండా ఇరుసుకు గుచ్చేది. ఒక చక్రానిది ముందే తీసి పెట్టుకుందన్నమాట. అది నా పెట్టెలో, పెళ్ళిచీర మడతలో దాచాను. మీకిస్తాను.

ఇక చిట్టాలో ఉన్నది అయిపోయింది.

ఇప్పుడు అసలు మాట. నిలవహక్కు వచ్చాక మనిషి పోతే అది రక్తసంబంధానికి వెళుతుందని అమీనమ్మ చెప్పారు. ఆమెకు మీరు తప్ప ఎవరూ లేరు. కూర్మినాయుడు జైల్లో ఉన్నాడు గాని బయటికి వచ్చినా ఆ నడిమి గడి హక్కు మీకే. షెడ్డు నుంచి మీరు బయటికి రావచ్చు. మీరు వచ్చేదాకా మా రోజుల లెక్క ఆపి, మమ్మల్ని ఒకటో గడిలో ఉండమన్నారు. తావులో హక్కున్నది మీ ఒక్కరికే కనక, తరవాత ఉండమనడం, పొమ్మనడం మీ ఇష్టం. మీరు ఉండనిస్తే దాలినాయుడు మీ గడికి కంచె కడతాడు. ఇరుసుకు ఇంకా పట్టీ దొరకలేదు.

పలక మీద ఇప్పుడు ఇద్దరమే ఉన్నాం. మూడో వరస చెరపలేదు. నిలిచిన రోజులు 30 అని ఉంటుంది, నేడు అన్నచోట ఏమీ ఉండదు. కుళాయి కింద తెల్లవారి తడి కూడా లేదు. అయినా రోజూ పొద్దుగూకేటప్పుడు ఒకసారి వెళ్ళి చూసి వస్తున్నాను. అలవాటయిపోయింది. నిన్న ముగ్గు పెట్టాను, తొమ్మిది చుక్కలతోనే. గీత ఈసారి నడిమి చుక్కను కూడా కలుపుకుని వచ్చింది.

ఇరవైఎనిమిదో రోజు సంగతి ఎవరికైనా తెలిస్తే ముప్ఫయ్యో పొద్దు నడిచింది అసిరమ్మ కాదు, తవిటమ్మ అంటారు. హక్కు కొట్టేస్తారు. మీకు గడి పోతుంది, మాకు ఇల్లు పోతుంది. నాలుగు కిలోల సంగతి చెబితే ఎవరు నమ్ముతారు? నడిచింది ఎవరో నాకే తెలియదు. మీ చెల్లెలికి ఆ రోజు ఇంక గంట మిగిలి ఉంది, అది నా కాళ్ళతో పూర్తయింది. అంతవరకే నేను చెప్పగలను.

అందుకని ఈ ఉత్తరం చదవగానే కాల్చెయ్యండి అప్పా. షెడ్లలో అంతా సిమెంటు నేలేనంటారు కదా, అక్కడే కాల్చి, బూడిద నీళ్ళలో కలిపి తూములో పొయ్యండి. వచ్చేటప్పుడు కొంగుకు అంటుకుని ఒక్క పలుకు కూడా ఇక్కడిదాకా రానివ్వకండి. ఇక్కడి మన్ను మీద పడితే అది చదివేస్తుంది.